సివిల్ అప్పీలు నేర్చుకుందాం - 3: గడువు లెక్క, కోర్టు ఫీజు

ఏ కోర్టు తీర్పు మీద అప్పీలు ఎక్కడికి వెళ్తుందో గత పాఠంలో చూశాం. ఇప్పుడు రోజులు లెక్కపెడదాం. కేసు ఎంత గట్టిదైనా గడువు దాటితే ముందు ఆలస్యానికి జవాబు చెప్పుకోవాలి. తీర్పు తప్పా ఒప్పా అన్నది ఆ తర్వాతి మాట.

1963 లిమిటేషన్ చట్టం ప్రకారం డిక్రీ (తీర్పును బట్టి కోర్టు ఇచ్చే తుది ఆదేశం) మీద అప్పీలుకు జిల్లా కోర్టులో 30 రోజులు, హైకోర్టులో 90 రోజులు గడువు. తీర్పు చెప్పిన రోజు లెక్కలోకి రాదు. సర్టిఫైడ్ కాపీ (కోర్టు ధ్రువీకరించిన నకలు) తయారవడానికి పట్టిన రోజులు కూడా సెక్షన్ 12 కింద తీసేస్తారు.

జిల్లా కోర్టుకు వెళ్లాల్సిన కేసు ఒకటి తీసుకుందాం. జూన్ 3న తీర్పు. మామూలుగా జూలై 3 ఆఖరి రోజు. జూన్ 10న కాపీకి దరఖాస్తు పెట్టారు. 14న చార్జీలు అడిగారు, ఆ రోజే కట్టేశారు. 21న కాపీ సిద్ధమైంది. 10 నుంచి 21 వరకు, రెండు చివరలూ కలిపి 12 రోజులు. అంటే జూలై 15 దాకా గడువుంది.

మరి ఆ కాపీని 25న వెళ్లి తీసుకుంటే? గడువు పెరగదు. సిద్ధమయ్యాక మీరు వెళ్లని రోజులు మీ ఖాతాలోవే. చార్జీలు అడిగాక ఆలస్యంగా కట్టినా అంతే. అందుకే కాపీ చేతికి రాగానే తీర్పు చదవకముందే దాని మీదున్న తేదీలు చూడండి. గడువు దాటిపోతే అప్పీలుతో పాటే ఆలస్యాన్ని మన్నించమంటూ అదే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద పిటిషను, కారణాలు చెబుతూ అఫిడవిట్ పెట్టాలి.

ఇక ఫీజు. తెలుగు రాష్ట్రాల్లో 1956 నాటి కోర్టు ఫీజుల చట్టం సెక్షన్ 49 చెప్పేది ఒకటే: అప్పీలులో వివాదం ఎంత మీద ఉందో, అంత మొత్తానికి కింది కోర్టులో దావా వేస్తే ఎంత ఫీజో ఇక్కడా అంతే. 10 లక్షలకు దావా వేస్తే 6 లక్షలకు డిక్రీ వచ్చిందనుకోండి. అది పూర్తిగా తప్పనే ప్రతివాది 6 లక్షల మీద కట్టాలి. రాని 4 లక్షల కోసం వచ్చే వాది 4 లక్షల మీదే కట్టాలి. దావా విలువంతటికీ కట్టేయడం కొత్తవాళ్ల అలవాటు. ఫీజు తక్కువ పడితే సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 149 కింద మిగతాది తర్వాత కట్టడానికి కోర్టు అనుమతించవచ్చు. అది కోర్టు ఇష్టం, మీ హక్కు కాదు.

అప్పీలు మెమోలో, అంటే కోర్టుకు ఇచ్చే అప్పీలు పత్రంలో, అభ్యంతరాలను ఒక్కొక్కటిగా నంబర్లు వేసి, వాదన కలపకుండా క్లుప్తంగా రాయాలి. తీర్పు కాపీ జతచేయాలి. స్టే (డిక్రీ అమలును ఆపించడం) సంగతి వచ్చే పాఠంలో.

అభ్యాసం: ఆగస్టు 5న తీర్పు. అప్పీలు జిల్లా కోర్టుకు. సెప్టెంబరు 10న కాపీకి దరఖాస్తు పెట్టారు, 17న సిద్ధమైంది. ఆ 8 రోజులు గడువుకు కలుస్తాయా?