పూల్ క్యూ కొనేటప్పుడు డబ్బుకు తగిన కర్రను ఎంచుకోవడం ఎలా?

బరంపురంలో పట్టుచీర కొనేటప్పుడు మా అమ్మ ముందు అంచును మెచ్చుకుంటుంది, వెంటనే చీరను తిరగేసి వెనకవైపు దారాలు చూస్తుంది. మొదటి పూల్ క్యూ, అంటే పూల్ ఆటలో బంతిని కొట్టే కర్ర, కొన్న రోజున ఆ రెండో పని నేను చేయలేదు. పట్టుకునే వైపు పాము చర్మంలాంటి డిజైను చూసి మోజుపడ్డాను. ఒక వానాకాలమంతా గోడకు చేర్చి ఉంచేసరికి అది విల్లులా వంగింది. డిజైను మాత్రం చెక్కుచెదరలేదు.

బంతిని కొట్టే పని క్యూలో ముందు సగానిది: కొనన తోలు టిప్పు, దాని కింద ఫెర్రుల్ అనే చిన్న తొడుగు, ఆపైన షాఫ్ట్ అనే సన్నని కర్ర. సోకులన్నీ వెనక సగమైన బట్ మీద ఉంటాయి. మీరిచ్చే డబ్బులో ముందు సగానికి ఎంత పోతోందన్నదే అసలు లెక్క.

ముందుగా అది పూల్ క్యూ అవునో కాదో తేల్చుకోండి. స్నూకర్ అనే ఇలాంటి ఆట కర్రకు సాధారణంగా ఇత్తడి ఫెర్రుల్, 9–10 మి.మీ. టిప్పు ఉంటాయి. పూల్ క్యూకు 12–13 మి.మీ. టిప్పు. పూల్ బంతి 57 మి.మీ., స్నూకర్ బంతి 52.5 మి.మీ. ఉంటాయి కాబట్టి ఈ తేడా ఊరికే పెట్టింది కాదు.

తర్వాత వంపు చూడాలి. షాఫ్ట్, బట్ రెండు ముక్కలనూ విడదీసి, ఒక్కోదాన్ని బల్ల మీద మెల్లగా దొర్లించండి. షాఫ్ట్‌కూ బల్లకూ మధ్య కనిపించే వెలుతురు గీత దొర్లుతున్నంతసేపూ ఒకేలా ఉండాలి. అది పెరుగుతూ తగ్గుతూ ఉంటే కర్రను అక్కడే వదిలేయండి. విడిగా బాగున్నవి బిగించాక ఊగుతుంటే తప్పు ఆ రెండూ కలిసే జాయింట్‌ది. జాయింట్ చుట్టూ గోరుతో గీసి చూడండి, ఎక్కడా తట్టుకోకూడదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే తిరిగి పంపే గడువు దాటకముందే ఇంట్లో వంటగట్టు మీద ఈ పరీక్షలన్నీ చేయవచ్చు.

ఇక ధరలు. ఈ అంకెలు ఉజ్జాయింపే, దుకాణాన్ని బట్టి మారతాయి. రెండు వేల లోపు దొరికే కర్రల్లో నిలిచేవి తక్కువ. అంతే పెట్టగలిగితే కొనకండి. పార్లర్‌లో ఉన్నవాటిలో తిన్నని కర్రను వెతికి పట్టుకుని ఆడుకోవడం నయం.

మూడు వేల నుంచి ఎనిమిది వేల మధ్యే బేరం పండేది. గట్టి మేపుల్ షాఫ్ట్, అతికించిన మంచి తోలు టిప్పు ఈ ధరలో రావాలి. షాఫ్ట్‌ను వెలుతురులో తిప్పుతూ చెక్క పోగులు చూడండి. అవి జాయింట్ నుంచి కొన దాకా నిటారుగా సాగాలి. మధ్యలోనే పక్కకు జారిపోతుంటే ఆ చెక్క తొందరగా వంగుతుంది. బరువు 18 నుంచి 21 ఔన్సులు, అంటే సుమారు 510–595 గ్రాములు, ఎంతైనా ఫరవాలేదు. బరువుగా ఉంటే మంచిదన్నది అమ్మేవాళ్ల మాట.

పది వేలు దాటాక ముందు కొన తేలికగా చేసిన షాఫ్టులు వస్తాయి. బంతికి పక్క స్పిన్ ఇచ్చినప్పుడు తెల్ల బంతి గురి నుంచి కొంచెం పక్కకు జరుగుతుంది. కొన బరువు తగ్గితే ఆ జరుగుడూ తగ్గుతుంది. ఇంకా స్పిన్ నేర్చుకోనివారికి దీనితో పని లేదు. కార్బన్ ఫైబర్ షాఫ్ట్ సంగతి వేరు. దానికి తేమ తగిలినా వంపు రాదు. బరంపురం దగ్గరి గోపాలపురం సముద్రపు గాలి పీల్చే మన ఊళ్లలో అది ఆలోచించదగ్గ మాటే. అంతకు మించిన ధరల్లో డబ్బు ఎక్కువగా చేతి చెక్కడానికి, పొదిగిన పనికి పోతుంది.

డబ్బు ఇచ్చేముందు రెండు మూడు కర్రల బట్‌లకు తువ్వాలు చుట్టించి, ధర తెలియకుండా ఆడండి. తెల్ల బంతిని బల్ల పొడవునా తిన్నగా కొడితే అవతలి కుషన్ (బల్ల అంచు రబ్బరు) తాకి తిరిగి టిప్పు దగ్గరకే రావాలి. ఒక్కోదానితో పదిసార్లు కొట్టండి. మా తమ్ముడు ఇలాగే ఆడి, తొమ్మిది వేల కర్రను కాదని నాలుగు వేలదాన్ని ఎంచుకున్నాడు. మిగిలినదాంట్లో కొంత పెట్టి గట్టి కేసు కొన్నాడు. వానాకాలంలో వాడి కర్ర అందులోనే పడుకుంటుంది.