పీజీలో జ్వరం వస్తే ఎవరు చూస్తారు? ముందే చేస్కోవాల్సిన ఏర్పాట్లు

2021 ఏప్రిల్‌లో మేం బెంగళూరు మున్నేకొళాలలో పీజీలో, అంటే పేయింగ్ గెస్ట్ హాస్టల్లో, ఉన్నప్పుడు మూడో ఫ్లోర్‌లో ఒంగోలు తమ్ముడొకడికి కరోనా పాజిటివ్ వచ్చింది, ఓనర్ సాయంత్రానికల్లా రూమ్ ఖాళీ చెయ్యమన్నాడు, ఆ జ్వరంతో బస్సెక్కి వాడెక్కడికి పోతాడు చెప్పండి. మేం ఏడెనిమిది మందిమి కిందకి దిగి గట్టిగా మాట్లాడితే తగ్గాడు. కానీ ఆ రాత్రి ఆక్సీమీటర్ (వేలికి పెట్టి ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూసేది) కోసం పక్కనున్న మారతహళ్ళి అంతా తిరిగాం, ఒక్క షాపులో దొరకలా. అప్పుడర్థమైంది, జ్వరం వచ్చాక వెతుక్కోవడం కాదు, రాకముందే పెట్టుకోవాలని. కరోనా లాంటిది మళ్ళీ ఎప్పుడొస్తదో ఎవడికీ తెలీదు కాబట్టి మేం చేసింది, చెయ్యాల్సి ఉండి చెయ్యనిది రెండూ రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, మందుల సంగతి డాక్టర్నే అడగండి.

ఫస్ట్ ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టుకోండి. బెంగళూరంతా ఒక గ్రూప్ అంటే పనికిరాదు, ఒక పీజీ లేదా ఒక లేన్, ఇరవై ముప్పై మంది చాలు, మెట్లెక్కి తలుపు కొట్టగలిగే దూరంలో ఉండాలి. అందరి దగ్గరా రూమ్ నంబర్, వయసు, బీపీ షుగర్ ఆస్తమా లాంటివి ఉన్నాయా, ఊళ్ళో ఇంటి నంబర్, ఇన్సూరెన్స్ కార్డ్, ఆధార్ ఫోటో తీస్కోండి. ఇవి గ్రూప్‌లో పెట్టకండి, ఇద్దరి ఫోన్లలో ఉంటే చాలు. ఇద్దరే ఎందుకంటే ఒకడు పడిపోతే ఇంకోడుంటాడు, మాకు అదే జరిగింది, లిస్ట్ ఉన్నోడికే జ్వరమొచ్చి ఫోన్ స్విచాఫ్.

తర్వాత సామాన్లు, తలా ఓ రెండొందలు వేస్కుంటే వచ్చేస్తాయి. రెండు ఆక్సీమీటర్లు, రెండు థర్మామీటర్లు, పారాసెటమాల్, ఓఆర్ఎస్, ఎన్ 95 మాస్కులు, స్పిరిట్. డోలో 650 మన బెంగళూరు కంపెనీదే అయినా ఆ రోజుల్లో స్ట్రిప్ కోసం మేం నాలుగు షాపులు తిరిగాం, అలాగని పది స్ట్రిప్పులు దాచుకోవద్దు, ఒకటి చాలు. పెద్దోళ్ళకి 650 బిళ్ళ అయితే ఆరు గంటల గ్యాప్, రోజుకి నాలుగు దాటకూడదు, లివర్ ప్రాబ్లం ఉంటే అడక్కుండా అసలు వేస్కోవద్దు.

ఇప్పుడు అసలు పని, రోజుకి రెండు ఫోన్లు. పొద్దున తొమ్మిది, రాత్రి తొమ్మిది, ఒక పేషెంట్‌కి ఒకే మనిషి చెయ్యాలి, రోజుకో మనిషి చేస్తే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఎవరికీ తెలీదు. "ఎలా ఉన్నావ్ రా" అని అడిగితే "బానే ఉన్నా అన్నా" అనే అంటాడు, మనోళ్ళకి అలవాటేగా, ఇంట్లో అమ్మకి కూడా అదే చెప్తాడు. అందుకే జ్వరం ఎంత, ఆక్సిజన్ ఎంత, ఏం తిన్నావ్, ఒంటేలుకి వెళ్ళావా అని విడివిడిగా అడగండి, ఆక్సీమీటర్ వేలికి ఉండగానే ఫోటో పెట్టమనండి. గోళ్ళ రంగు ఉన్నా, వేలు చల్లగా ఉన్నా రీడింగ్ తప్పొస్తది, చేతులు రుద్దుకుని నిమిషం ఆగి చూడాలి. కరోనాలో ఉన్న మోసం ఏంటంటే ఆయాసం తెలీకుండానే ఆక్సిజన్ పడిపోయేది, మనిషి మామూలుగా మాట్లాడుతూనే ఉంటాడు, రీడింగ్ మాత్రం 90. అందుకే 94 కన్నా తగ్గితే "రేపు చూద్దాం" అనకుండా అప్పుడే డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలి. 94 పైన ఉన్నోళ్ళు రూమ్‌లోనే ఆరు నిమిషాలు నడిచి మళ్ళీ చూస్కోవచ్చు, అప్పుడు 94 కన్నా తగ్గినా, మూడు పాయింట్లకి మించి పడినా, కళ్ళు తిరిగినా డాక్టర్‌కి చెప్పాలి. ఊపిరాడకపోయినా, గుండెల్లో నొప్పి వచ్చినా, పెదాలు నీలంగా అయినా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా రీడింగ్ కోసం కూర్చోకుండా 108 కి కొట్టండి.

అంబులెన్స్ వచ్చేలోపు బోర్లా పడుకోబెడితే కొంతమందికి ఆక్సిజన్ కొద్దిగా పెరుగుతుంది, మెడ కింద ఒక దిండు, ఛాతీ నుంచి తొడల దాకా ఒకటి రెండు, కాళ్ళ కింద రెండు. తిన్న గంటలోపు వద్దు, గర్భిణులకి, గుండె జబ్బు ఉన్నోళ్ళకి వద్దు.

అంబులెన్స్ అన్నాను కదా, భాష సంగతి చెప్పాలి. మనం కంగారులో "తొందరగా రండి" అంటాం, కన్నడలో తొందరె అంటే ఇబ్బంది, అవతలోడికి ఏదో ఇబ్బంది అన్నట్టు వినబడుద్ది తప్ప త్వరగా అని కాదు. "ఉసిరాడక్కె కష్ట ఆగ్తిదె, బేగ బన్ని" అనాలి, అంటే ఊపిరి కష్టంగా ఉంది, త్వరగా రండి అని. దీన్ని గ్రూప్‌లో పిన్ చేసి పెట్టండి. అడ్రస్ కన్నడలో రాసిన కాయితం కూడా గేటు దగ్గర అంటించండి. మన లేన్లు ఎలా ఉంటాయో తెలుసుగా, వాటర్ ట్యాంకర్ నిలబడితే ఆటో కూడా దూరదు, ఒకడు బండి మీద మెయిన్ రోడ్డుకెళ్ళి అంబులెన్స్‌ని దారి చూపించి తీస్కురావాలి, ఇంకోడు ట్యాంకర్ తీయించాలి. లిఫ్ట్ లేకపోతే పేషెంట్‌ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దించడమే, దానికి ముగ్గురు కావాలి, మాస్కులు వేస్కుని.

హెల్ప్‌లైన్ నంబర్లు వేవ్ వేవ్‌కీ మారతాయి. 2021లో బెడ్ కోసం 1912 కి చేసేవాళ్ళం, అది కరెంటోళ్ళ నంబరే, పైగా బీయూ నంబర్, అంటే పాజిటివ్ వచ్చినోళ్ళకి ఇచ్చే పేషెంట్ నంబర్, రాకపోతే బెడ్ ఇవ్వమనేవాళ్ళు. కాబట్టి పాత ఫార్వర్డ్ నమ్మకుండా ఆ వారం ఏది నడుస్తుందో దగ్గర్లోని ప్రైమరీ హెల్త్ సెంటర్‌లో అడిగి రాస్కోండి, మీ ఏరియా ఆశా కార్యకర్త నంబర్ కూడా అక్కడే దొరుకుద్ది. ఆరోగ్య సలహాకి 104 ఉంది. ఒంటరిగా ఉండి నిద్రపట్టక భయమేస్తే టెలీ మానస్ 14416, తెలుగులో కూడా మాట్లాడొచ్చు.

ఆక్సిజన్ లీడ్స్, అంటే సిలిండర్ ఫలానా చోట దొరుకుద్దని వచ్చే మెసేజ్‌ల గురించి ఒక రూలు పెట్టాం, ఫోన్ చేసి కనుక్కున్నాకే గ్రూప్‌లో వెయ్యాలి, ఎన్ని గంటలకి కనుక్కున్నారో పక్కన రాయాలి, లేదంటే డిలీట్. ముందే డబ్బులు వెయ్యమన్నోడికి రూపాయి వెయ్యొద్దు, మాలో ఒకడు ఏడు వేలు పోగొట్టుకున్నాడు. ఇంకోటి, వాట్సాప్‌లో తిరిగే ప్రిస్క్రిప్షన్ చూసి స్టెరాయిడ్ మొదలెట్టొద్దు, అది ఆక్సిజన్ అవసరమైన పేషెంట్లకి పనిచేసింది కానీ మామూలు జ్వరానికి మొదట్లోనే వాడితే చేటే, షుగర్ ఉన్నోళ్ళకి ఇంకా. ఆవిరి పడితే ముక్కు కాస్త తేలికవుద్ది, వైరస్ పోదు, గిన్నె మీద పడి కాల్చుకుంటే అదో గోల.

తిండి దగ్గర మాత్రం సిగ్గుపడొద్దు. మెస్‌లో ఘాటు కూరలు జ్వరం నోటికి ఎక్కవు, చారన్నం, పెరుగన్నం, ఇడ్లీ చాలు, ఎవరో ఒకరు కుక్కర్ పెడితే డబ్బా తలుపు గొళ్ళేనికి తగిలించి, కొట్టి, రెండడుగులు వెనక్కి వచ్చి అరవండి. కిటికీ తెరిచి ఉంచమనండి, మన పీజీ రూముల్లో గాలే ఆడదు. వాడిన మాస్కులు కవర్‌లో మూడు రోజులు కట్టేసి ఉంచి అప్పుడు చెత్తబండికి ఇవ్వండి, చెత్త తీసుకునే అక్క కూడా మనిషేగా.

ఆక్సీమీటర్ ఒకరి నుంచి ఒకరికి పోయేప్పుడు స్పిరిట్‌తో తుడవండి, గోల అంతా అయిపోయాక బ్యాటరీలు తీసేసి దాచండి. మాది అలాగే పెట్టేశాం, మొన్న తీస్తే లోపల పచ్చగా కారిపోయి ఉంది, మళ్ళీ కొత్తది కొన్నాం.