డ్రైసూట్ మణికట్టు సీల్ ఇంట్లోనే మార్చుకోవడం ఎలా?

మొన్న మా బంధువుల కుర్రాడు యూరప్ నుంచి వస్తూ తన డ్రైసూట్ (చల్లటి నీళ్లలో డైవింగ్‌కు తొడిగే, లోపలికి నీళ్లు రానివ్వని సూట్) పట్టుకొచ్చాడు. మణికట్టు దగ్గరి రబ్బరు సీల్ చిరిగితే సూపర్ గ్లూ వేసి, పైన సిలికాన్ పూశాడట. సూపర్ గ్లూ ఆరితే గాజులా బిరుసెక్కుతుంది. సాగే రబ్బరు మీద అది పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది. సిలికాన్ అంటిన చోట ఆ తర్వాత వేరే ఏ జిగురూ పట్టదు. దాన్ని గీకడానికే నాకు రెండు రోజులు పట్టింది.

నేను ఐస్‌లాండ్‌లోని సిల్‌ఫ్రా అనే నీళ్లు నిండిన నేల చీలికలో డైవింగ్ గైడ్‌గా పనిచేశాను. అక్కడ నీళ్లు ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీలే. డ్రైసూట్‌లో ఒంటిని వెచ్చగా ఉంచేది లోపలి పొడి బట్టలు, వాటిలో నిలిచే గాలి. మెడ దగ్గర, మణికట్ల దగ్గర ఉండే పల్చటి రబ్బరు సీల్సే నీళ్లను ఆపుతాయి. అవి వదిలితే సూట్ ఎంత ఖరీదైనదైనా లాభం లేదు. సెలవుల్లో తిరుపతి వచ్చినప్పుడల్లా ఈ సీల్స్ మార్చే పని ముందేసుకుని కూర్చుంటాను.

ముందు మీది లేటెక్స్ (సహజ రబ్బరు) సీలేనా చూసుకోండి. సిలికాన్ సీల్ అయితే జిగురుతో అతకదు, అది రింగుతో బిగించే రకం. లేటెక్స్‌ను వేళ్లతో సాగదీసినప్పుడు సన్నటి పగుళ్లు కనిపించినా, చేతికి జిడ్డుగా అంటుకున్నా దాని పని అయిపోయినట్టే. అతుకులు వేయకుండా మార్చేయండి.

కావలసినవి: కొత్త సీల్, గట్టిపరిచే ద్రవం కలిపి వాడే రెండు భాగాల నియోప్రీన్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) జిగురు, ఎమరీ పేపర్, మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చిన్న బ్రష్, చిన్న రోలర్, చేతి చివర ముడతల్లేకుండా ఎక్కేంత లావు పీవీసీ పైపు ముక్క. పంక్చర్ షాపు సొల్యూషన్ వద్దు. అది ట్యూబు కోసం చేసింది, సూట్ గుడ్డ కోసం కాదు.

పాత సీల్ సూట్‌కు బయటివైపు అతికి ఉందో లోపలివైపు అతికి ఉందో ఫోటో తీసుకోండి, కొత్తదీ అలాగే రావాలి. నేను ఇక్కడ బయటివైపు అతికే పద్ధతి చెబుతున్నాను. లోపలివైపు అయితే చేతిని తిరగేసి పైపుకు ఎక్కించండి. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే పాత జిగురు మెత్తబడి సీల్ ఊడి వస్తుంది. గుడ్డ పొరలు విడిపోయేంత వేడి పెట్టకండి. కొందరు పాత రబ్బరు మీదే కొత్తది అతికిస్తారు. నేను ఒప్పుకోను. కుళ్లిన గోడ మీద సున్నం వేసినట్టే అది.

సూట్ చేతిని పైపుకు ఎక్కించి, అంచు నుంచి రెండున్నర సెంటీమీటర్ల దగ్గర గీత గీయండి. కొత్త సీల్‌ను పైపు రెండో చివర నుంచి తొడిగి, దాని వెడల్పు అంచు ఆ గీతను తాకేలా సర్దండి. తర్వాత ఆ అంచును చొక్కా చెయ్యి మడిచినట్టు వెనక్కి మడవండి. అతుక్కునే రెండు వైపులా, అంటే గీత దాకా సూట్ గుడ్డనూ, మడిచిన సీల్ లోపలి వైపునూ, మెరుపు పోయేదాకా ఎమరీ పేపర్‌తో రుద్ది, ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. ఆ తర్వాత అక్కడ వేలు పెట్టకూడదు. మనవాళ్ల చేతులకు కొబ్బరినూనె తడి ఎప్పుడూ ఉంటుంది, అది లేటెక్స్‌కూ జిగురుకూ కూడా శత్రువే.

ఇక జిగురు. చాలామంది పాడుచేసేది ఇక్కడే. అందుకే నిదానంగా చెబుతున్నాను.

కిటికీలు తీసి పెట్టండి. జిగురులోని ద్రావకం ఇట్టే అంటుకుంటుంది, దేవుడి గదిలో దీపం, అగరుబత్తి ఆరిపోయాకే డబ్బా తెరవండి. డబ్బా మీద రాసిన పాళ్లలోనే కలపండి. మొదటి పూత పల్చగా, రెండు వైపులా వేయండి. వేయగానే లేటెక్స్ ఉబ్బి, అప్పడం నూనెలో ముడుచుకున్నట్టు మెలికలు తిరుగుతుంది. టెన్షన్ పడి లాగకండి. ద్రావకం ఎగిరిపోయాక అదే మళ్లీ చదునుగా అవుతుంది. అరగంట ఆగండి.

రెండో పూత వేశాక తొందర మరీ పనికిరాదు. పది, పదిహేను నిమిషాలయ్యాక వేలి వెనకవైపు ఆనించి చూడండి. చర్మం కాస్త పట్టినట్టుండాలి, జిగురు తీగలా సాగకూడదు. తీగ సాగితే లోపల ద్రావకం మిగిలి ఉన్నట్టు, అప్పుడు అతికిస్తే బుడగలొస్తాయి. అసలు పట్టకపోతే ఆలస్యమైనట్టు, ఇంకో పూత వేయాలి. మే నెలలో మా ఊళ్లో ఈ సమయం సగానికి తగ్గిపోతుంది.

వానకాలంలో అసలు చేయకండి. తిరుపతిలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ద్రావకం ఎగిరేటప్పుడు పూత చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరుతుంది. పైకి తెల్లటి మసకలా కనిపిస్తుంది. ఒక నవంబరులో ఆ మసక చూసి కూడా అతికించేశాను. సిల్‌ఫ్రాలో నీళ్లలో దిగిన పది నిమిషాలకు ఎడమ మోచేతి దాకా మంచునీళ్లు వచ్చాయి, వేళ్లు మొద్దుబారి సూట్‌లోకి గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ బటన్ తెలియలేదు. మసక కనిపిస్తే పూత తుడిచేసి, పొడి రోజు చూసి మళ్లీ మొదలుపెట్టండి.

అతికించేటప్పుడు మడిచిన అంచును ఒక చోట నుంచి చుట్టూ కొద్దికొద్దిగా దించండి. రెండు పూతలూ తాకాక కదపడం కుదరదు. ముడత పడితే నీళ్లకు అక్కడే దారి. తర్వాత రోలర్‌తో గట్టిగా నొక్కండి. నెమ్మదిగా ఆరే యూరిథేన్ జిగురైతే సరిచేసుకునే వీలుందని కొందరంటారు. నిజమే, కానీ రాత్రంతా ఆరేలోపు సీల్ జారిపోవచ్చు. రెండు రోజులు పైపు మీదే ఉంచండి.

కొత్త సీల్ బిగుతుగా ఉంటే దాని చివర్న అచ్చుపోసి ఉండే గీతల్లో ఒక్కో గీత చొప్పున, పదునైన కత్తెరతో, ఆపకుండా ఒకే కోతగా కత్తిరించండి. చిన్న గంటు పడినా అక్కడి నుంచే చిరుగుతుంది. మెడ సీల్ మార్చినా ఇదే పద్ధతి. కానీ మెడ దగ్గర బిగుతును ఓర్చుకోవద్దు, మెడలోని రక్తనాళాల మీద ఒత్తిడి పడితే కళ్లు తిరిగి పడిపోవచ్చు.

చివరగా మణికట్లలో సీసాలు, మెడలో బంతి బిగించి, సూట్‌లోకి కొంచెం గాలి నింపి, సబ్బు నురగ పూయండి. బుడగ లేచిన చోట పెన్నుతో గుర్తు పెట్టుకోండి. బాగుంటే వాసన లేని టాల్క్ రాసి, ఎండ తగలని గదిలో మడిచిపెట్టండి. ఎలక్ట్రిక్ మోటార్లు నడిచే చోట వద్దు, వాటిలో నిప్పురవ్వలు లేస్తే పుట్టే ఓజోన్ లేటెక్స్‌ను పగలగొడుతుంది.