కోర్టు కాగితాల తెలుగు - 6వ పాఠం: ‘కంటిన్యూ’ దగ్గర జారిపడ్డాం

ఈ వారం అఫిడవిట్లు మొదలుపెడతానని చెప్పాను. పెట్టడం లేదు. పోయిన పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి మీరు పంపిన జవాబులు రెండు రాత్రులు కూర్చుని చదివాను. అవి చదివాక అఫిడవిట్లకు వెళ్ళబుద్ధి కాలేదు.

అభ్యాసం గుర్తుంది కదా, ఒక అమెరికా కోర్టు ఉత్తర్వును తెలుగులోకి మార్చడం. కాలిఫోర్నియాలో పళ్ళు ఏరి పెట్టెల్లో సర్దే ఒక షెడ్డు. సీజన్‌లో అక్కడ పనిచేసిన కూలీలు, యజమాని తమకు ఓవర్‌టైమ్ కూలి ఎగ్గొట్టారనీ, భోజనానికి విరామం ఇవ్వలేదనీ అందరి తరఫునా కలిపి ఫెడరల్ కోర్టులో దావా వేశారు. కేసు నేను అల్లిందే, ఉత్తర్వు నమూనా మాత్రం అక్కడ రోజూ కనిపించేదే. ట్రయల్ మార్చి 3న ఉంది. ఈలోగా రెండు పక్షాలూ మీడియేషన్‌కు, అంటే మధ్యలో ఒకరిని పెట్టుకుని రాజీకి ప్రయత్నించడానికి ఒప్పుకుని, మార్చి తేదీని ‘వెకేట్’ చేసి సెప్టెంబరు 8కి ‘కంటిన్యూ ది ట్రయల్’ అని ఉమ్మడిగా ‘స్టిప్యులేషన్’ రాసి జడ్జిని అడిగాయి.

మీలో ఎక్కువ మంది రాసింది ఇది: “మధ్యవర్తిత్వం జరుగుతున్నందున విచారణను కొనసాగించవలసిందిగా ఉభయ పక్షాలు నిబంధన విధించాయి.”

తెలుగు బాగానే ఉంది. అర్థం తలకిందులైంది. ట్రయల్ ఆపండి మహాప్రభో అని వాళ్ళు అడిగితే, నడపండి అన్నారని రాశారు. పైగా జడ్జికే నిబంధన విధించారట!

అమెరికా కోర్టు భాషలో ట్రయల్‌ను కంటిన్యూ చేయడమంటే వాయిదా వేయడం. మన కోర్టుల్లో అడ్జర్న్ అనే చోట వాళ్ళు ఎక్కువగా ఈ మాట వాడతారు. వాయిదా కోరే దరఖాస్తు ‘మోషన్ ఫర్ కంటిన్యూయెన్స్’. ఇదేం విడ్డూరం అనిపిస్తే, మాట పుట్టిన చోటికి వెళ్ళాలి. పాత ఇంగ్లండ్ కోర్టులు ఏడాదికి కొన్ని విడతలే కూర్చునేవి. ఒక విడతలో తేలని కేసును వచ్చే విడతలో ఫలానా రోజుకు పెట్టామని దస్తరంలో రాసుకునేవారు. ఆ రాత ఉంటే కేసు బతికున్నట్టు, లేకపోతే తెగిపోయినట్టు. ఆ రాతనే కంటిన్యూయెన్స్ అన్నారు. కొనసాగేది కేసు ప్రాణం. పని మాత్రం ఆగుతుంది.

మిమ్మల్ని తిట్టే అర్హత నాకు లేదు. చాలా ఏళ్ళ కిందట తెనాలి నుంచి ఒక పెద్దాయన అల్లుడి కేసు ఉత్తర్వు పట్టుకుని వచ్చారు. ‘హియరింగ్ కంటిన్యూడ్ టు’ అని ఆరు వారాల అవతలి తేదీ వేసి ఉంది. “ఆ తేదీ దాకా విచారణ కొనసాగుతుంది” అని నీలం సిరాతో ముద్దుగా రాసిచ్చాను. ఆరు వారాలూ రోజూ కోర్టులో నిలబడాలా, ఉద్యోగం ఉంటుందా అని ఇంటిల్లిపాదీ టెన్షన్ పడ్డారు. చివరికి అల్లుడే ఫోన్‌లో విషయం చెప్పాడు. నేను డబ్బు తిరిగి ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. తీసుకుని ఉంటే నాకు కాస్త నిద్ర పట్టేది.

అందుకే ఈ ఒక్క మాటను నమిలి మింగేదాకా వదలను. చూడండి.

‘కంటిన్యూడ్ టు సెప్టెంబరు 8’: సెప్టెంబరు 8కి వాయిదా పడింది.

‘కంటిన్యూడ్ ఫ్రమ్ మార్చి 3’: మార్చి 3న జరగాల్సింది, వాయిదా పడి ఈ రోజుకు వచ్చింది. దీన్ని “మార్చి 3 నుంచి కొనసాగుతున్న” అని రాసినవారు ఇద్దరు. ఇద్దరూ లా చదివినవాళ్ళే.

‘ది డిపోజిషన్ విల్ కంటిన్యూ ఎట్ 2’: సాక్షి వాంగ్మూలం రెండు గంటలకు మళ్ళీ మొదలవుతుంది. ఇక్కడ వాయిదా కాదు, భోజనానికి లేచారంతే.

‘ది స్టే షల్ కంటిన్యూ’: స్టే కొనసాగుతుంది.

‘కంటిన్యూయింగ్ వయలేషన్’: ఆగకుండా సాగుతున్న ఉల్లంఘన. కూలి కేసుల్లో తరచు తగులుతుంది.

‘స్టిప్యులేషన్ ఆఫ్ డిస్‌కంటిన్యూయెన్స్’: న్యూయార్క్ కాగితాల్లో కనిపిస్తుంది. దావా ఉపసంహరణకు ఒప్పందం అని అర్థం. కంటిన్యూకు వ్యతిరేక పదం కదా అని “వాయిదా రద్దు” అనుకున్నారో, మునిగినట్టే.

నేను వాడే అడ్డదారి చెబుతాను. తెలుగు క్రియతో పరీక్షించండి. కోర్టో, లాయర్లో ఒక పనిని కంటిన్యూ ‘చేస్తే’ అది వాయిదా. ఆ పని తనంతట తాను కంటిన్యూ ‘అయితే’ అది కొనసాగడం. స్టే, తాత్కాలిక నిషేధం లాంటివాటిని కోర్టు కంటిన్యూ చేస్తే మాత్రం పొడిగించడం, ఎందుకంటే అవి రోజు పెట్టుకుని జరిపే పనులు కావు. ఈ పరీక్ష ఏ పుస్తకంలోదీ కాదు, నన్ను మాత్రం ఇంతవరకు ముంచలేదు.

సరే, వాయిదా అని సరిగ్గా రాసినవారు సంబరపడకండి. వాయిదా మీద నాకు వేరే ఫిర్యాదు ఉంది. గుంటూరు మిర్చి యార్డు దగ్గర తొడిమలు తీసే అమ్మను “రేపు పనికొస్తావా?” అని అడిగితే, “రాను, రేపు వాయిదా ఉంది” అంటుంది. రేపు కోర్టుకు వెళ్ళాలని దాని అర్థం. కోర్టు మెట్లెక్కిన మామూలు మనిషికి వాయిదా అంటే హాజరు కావాల్సిన రోజు. జడ్జిగారికి అదే మాట ఆ రోజు తప్పించడం. అప్పు కట్టేవాడికి విడతల వారీ చెల్లింపు. ఇప్పుడు ఈ వాక్యం చూడండి, మీ జవాబుల్లోదే: “సెప్టెంబరు 8 వాయిదా వేయబడినది.” 8న జరగాల్సింది తప్పిపోయిందా, 8కి పడిందా? ఒక్క ‘కి’ లేకపోతే షెడ్డు కూలీ పని మానుకుని వెళ్ళి తాళం వేసిన కోర్టు హాలు చూసి వస్తాడు. అందుకని పాత తేదీ, కొత్త తేదీ రెండూ రాయండి. ఏ రోజు రానక్కర లేదో, ఏ రోజు జరుగుతుందో విడివిడిగా చెప్పండి. రాజీ కుదిరాక డబ్బు విడతలుగా ఇస్తారని అదే కాగితంలో వస్తే, అక్కడ ‘విడతలు’ అనండి. వాయిదాను కోర్టు తేదీకే వదిలేయండి.

‘వెకేట్’ గురించి ఒక్క మాట. ట్రయల్ తేదీని వెకేట్ చేశారంటే రద్దు చేశారని. “తేదీని ఖాళీ చేయడమైనది” అన్నవారు అద్దె ఇంటి నోటీసులు ఎక్కువగా రాస్తున్నట్టున్నారు.

విచారణ అన్న మాట కూడా నాకు నచ్చదు. హియరింగూ విచారణే, ట్రయలూ విచారణే, పోలీసులు పిలిచి అడిగేదీ విచారణే. ఈ పాఠాల్లో ట్రయల్‌ను ట్రయల్ అనే ఉంచుతున్నాం. విజయవాడ కోర్టు వరండాలో కాసేపు నిలబడి వినండి, ఇంకో మాట వినపడదు.

స్టిప్యులేషన్ అంటే నిబంధన కాదు. రెండు పక్షాల లాయర్లు ఫలానా విషయంలో మాకు తగాదా లేదని రాసి సంతకాలు పెట్టిన ఒప్పందం. ఉమ్మడి అంగీకార పత్రం అంటాను నేను. అయితే ఇద్దరూ ఒప్పుకున్నంత మాత్రాన తేదీ మారదు. ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ నియమాల్లో 16వది, తగిన కారణం ఉండాలి, జడ్జి సమ్మతించాలి అంటుంది. మీడియేషన్‌కు వెళ్తున్నామన్నది ఒక కారణం. సాక్షులైన కూలీలు సీజన్ అయ్యాక ఊళ్ళు పట్టుకుపోయారు, జీతాల లెక్కలు తేల్చే నిపుణుల ఖర్చు ఇప్పుడే పెట్టుకుంటే రాజీకి డబ్బు మిగలదు - ఇలాంటివీ రాస్తారు. జడ్జి ఒప్పుకోవచ్చు, పొమ్మనొచ్చు, సగమే ఇవ్వొచ్చు.

ఇక్కడ కంటితో చూడాల్సింది ఒకటుంది. కాగితం పైన ‘స్టిప్యులేషన్ అండ్ ప్రపోజ్డ్ ఆర్డర్’ అని ఉంటుంది. ఉత్తర్వు ముసాయిదాను లాయర్లే తయారుచేసి ఒప్పందానికి జతచేస్తారు. జడ్జి సరే అనుకుంటే కింద సంతకం పెట్టి, చాలాసార్లు ‘ప్రపోజ్డ్’ అన్న మాట మీద అడ్డంగా ఒక గీత గీస్తారు. ఒక్కోసారి తేదీని కూడా కొట్టేసి పక్కన చేత్తో వేరేది రాస్తారు. టైపు చేసిందే చదువుతూ పోతే లాయర్లు అడిగిన తేదీని కోర్టు ఇచ్చిన తేదీగా రాసేస్తారు. ముందు చివరి పేజీ తిప్పి సంతకం ఉందో లేదో చూసి, ఆ తర్వాతే మొదటి పేజీకి రండి. సంతకం లేకపోతే “ఆదేశించడమైనది” అన్న మాట మీ అనువాదంలో ఎక్కడా నిలబడదు. “ఆదేశించాలని కోరారు” అనాలి.

క్లాస్ యాక్షన్‌ను “తరగతి చర్య” అన్నవారిని క్షమించాను. సామూహిక దావా అనండి. మన సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 1 రూల్ 8 కింద కొందరు అందరి తరఫునా వేసే ప్రాతినిధ్య దావా దీనికి దూరపు చుట్టమే, కానీ ఆ పేరు దీనికి తగిలించకండి. అమెరికాలో అవే ఫెడరల్ నియమాల్లో 23వ నియమం కింద డబ్బు కోసం నడిచే సామూహిక దావాలో, తప్పుకుంటానని చెప్పనివాళ్ళంతా లోపలే ఉంటారు. 1938 నాటి ఫెడరల్ వేతన చట్టం కింద వేసే ఉమ్మడి దావాలో లెక్క తిరగబడుతుంది, వస్తానని రాసిచ్చినవాళ్ళే లోపల ఉంటారు. కూలి కేసుల్లో రెండూ ఒకే కాగితంలో కలిసి రావడం మామూలే. రెంటికీ “సభ్యులు” అని ఒకే మాట రాస్తే, రాసివ్వని కూలీ కూడా తనకు డబ్బు వస్తుందనుకుని కూర్చుంటాడు. ‘తప్పుకోనివారు’, ‘రాసిచ్చి చేరినవారు’ - మాట పొడుగైనా నాకు ఇవే ఇష్టం.

గుంటూరు నుంచి ఒక లాయరు గారు కాస్త ఘాటుగానే రాశారు. ఇలాంటి కేసు అసలు మీడియేషన్‌కు వెళ్ళకూడదు, మీ అభ్యాసమే తప్పు అన్నారు. వారు చెప్పేది 2010 నాటి ఆఫ్‌కాన్స్ తీర్పు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 89వ సెక్షన్ కింద మామూలుగా రాజీ మార్గాలకు పంపదగని కేసులు ఏవో సుప్రీంకోర్టు అందులో జాబితా వేసింది. కోర్టు ముందు లేని ఎంతోమంది ప్రయోజనాలతో ముడిపడిన ప్రాతినిధ్య దావాలు ఆ జాబితాలో ఉన్నాయి. నిజమే సార్, కానీ అది మన ఇంటి సంగతి. అమెరికాలో ఇలాంటి కేసులు మీడియేషన్‌కు నిత్యం వెళ్తాయి. కోర్టు ముందు లేనివాళ్ళకు అన్యాయం జరుగుతుందన్న భయం వాళ్ళకూ ఉంది కాబట్టే, సామూహిక దావాలో రాజీ న్యాయంగా ఉందో లేదో జడ్జి చూసి ఆమోదించాలని 23వ నియమంలో రాసుకున్నారు. ప్రాతినిధ్య దావాల్లో మన ఆర్డర్ 23 రూల్ 3బి కూడా కోర్టు అనుమతి లేని రాజీ చెల్లదనే అంటుంది. అనువాదకుడికి దీనివల్ల పని ఏమిటంటే, “రాజీ కుదిరింది” అని ఉన్న చోట “కేసు ముగిసింది” అని కలపకూడదు. ఆమోదం ఇంకా రావాలి.

మధ్యవర్తిత్వం మాటతో ఇంకో చిక్కు. మన పత్రికలు మీడియేషన్‌కూ, ఆర్బిట్రేషన్‌కూ అదే రాస్తాయి. ఆర్బిట్రేటర్ తీర్పు చెబుతాడు, అది కట్టిపడేస్తుంది. మీడియేటర్ తీర్పు చెప్పడు. ఈ గదికీ ఆ గదికీ తిరుగుతూ అంకెల్ని దగ్గరకు తెస్తాడు, కుదరకపోతే ఫీజు తీసుకుని వెళ్ళిపోతాడు. ఆయన్ను ‘పెద్దమనిషి’ అని రాసిన ఏలూరు అమ్మాయికి సగం మార్కులు. మన పెద్దమనుషులు వినేదాకా ఊరుకోరు. నేను మీడియేషన్, ఆర్బిట్రేషన్ అనే ఉంచేస్తాను.

జడ్జి సంతకం పెట్టి తేదీ మార్చలేదనుకుంటే, నా జవాబు ఇది:

“ఉభయ పక్షాల ఉమ్మడి అంగీకార పత్రాన్ని పరిశీలించి, తగిన కారణం ఉందని కోర్టు భావించింది. మార్చి 3న జరగవలసిన ట్రయల్ ఆ రోజు జరగదు. దానిని సెప్టెంబరు 8కి వాయిదా వేయడమైనది. పక్షాలు జూన్ 30లోగా మీడియేషన్ పూర్తిచేయాలి. అది పూర్తయిన 14 రోజుల్లో ఫలితాన్ని తెలుపుతూ ఉమ్మడి నివేదిక దాఖలు చేయాలి. మిగతా గడువులు మారవు.”

“ఆ రోజు జరగదు” అన్నది మూలంలో లేదు. ‘వెకేటెడ్’ అన్న ఒక్క మాటను నేను అలా విప్పాను. దీని మీద తగువులాడేవారు రాయండి, సమాధానం చెబుతాను.

“మిగతా గడువులు మారవు” అన్న చివరి వాక్యం మీలో సగం మంది వదిలేశారు. దాన్ని వదిలేస్తే, ట్రయల్ వాయిదా పడింది కదా అని సాక్షుల జాబితా గడువు కూడా మారిందనుకుంటారు. అది మారలేదు.

అభ్యాసం ఇస్తాను, కాస్త కష్టమైనదే. అదే కేసు. జూన్‌లో మీడియేషన్ సగం కుదిరింది. ఓవర్‌టైమ్ మీద రాజీ, భోజన విరామం మీద లేదు. మీడియేషన్ మరో రోజుకు కంటిన్యూ అయింది, ట్రయల్‌ను నవంబరుకు కంటిన్యూ చేయమని పక్షాలు మళ్ళీ అడిగాయి. జడ్జి ‘ప్రపోజ్డ్’ కొట్టేసి, నవంబరు కూడా కొట్టేసి, అక్టోబరు 6 అని చేత్తో రాశారు. రాజీ సొమ్ము మూడు విడతలు. ఇంతవరకు ఎవరెవరు లోపల ఉన్నారో, ఎవరు లేరో కూడా చెబుతూ, షెడ్డు కూలీకి పంపే ఒక పేజీ తెలుగు ఉత్తరం రాయండి. ‘విచారణ’ వాడకూడదు. ‘వాయిదా’ రెండుసార్లకు మించకూడదు. రాశాక, కోర్టు ముఖం చూడని మనిషికి ఇంట్లో ఒకసారి చదివి వినిపించి, “ఏ రోజు వెళ్ళాలి?” అని అడగండి. వాళ్ళు చెప్పిన జవాబును ఉన్నదున్నట్టు ఉత్తరం కింద రాసి పంపండి. తప్పు చెబితే దిద్దకండి, నాకు ఆ తప్పే కావాలి.

అఫిడవిట్లు వచ్చే వారం.