విలియం లిల్లీ పద్ధతిలో ప్రశ్న చక్రం

ఇంగ్లండు జ్యోతిష్కుడు లిల్లీని అర్థం చేసుకోవాలంటే చదవడం చాలదు, పెన్సిలు పట్టి ఆయన ప్రశ్న చక్రం, అంటే ఎవరైనా ప్రశ్న అడిగిన క్షణానికి వేసే చక్రం, వేయాలి. 1602లో లెస్టర్‌షైర్ పల్లెలో పుట్టి, 1620లో లండన్ చేరి ఒక ఇంట్లో పనివాడిగా బతికిన మనిషి. 1647లో తన పెద్ద గ్రంథం ‘క్రిస్టియన్ ఆస్ట్రాలజీ’ని లాటిన్‌లో కాకుండా ఇంగ్లిషులో రాశాడు. నాకు ఆయనంటే గౌరవం అందుకే.

పెద్ద చతురస్రం గీయండి. భుజాల మధ్యబిందువులు కలిపి రెండోది, దాని మధ్యబిందువులు కలిపి మూడోది గీయండి. బయటి మూలలను లోపలి మూలలతో కలిపితే పన్నెండు త్రికోణాలు వస్తాయి. నడిమి గదిలో ప్రశ్న అడిగిన తేదీ, గంట రాయాలి. మన దక్షిణాది చక్రంలో రాశులు కదలవు. ఇక్కడ భావాలు, అంటే ఆ పన్నెండు గదులు, కదలవు; లగ్నం, అంటే ఆ క్షణాన తూర్పున ఉదయించే రాశి బిందువు, ఎప్పుడూ ఎడమవైపే. అయనాంశ (నక్షత్రాల లెక్కకూ విషువత్తు లెక్కకూ ఉన్న తేడా) తీసివేయకండి, ఆయనది సాయన పద్ధతి, రాశులను వసంత విషువత్తు నుంచి లెక్కించేది. నా తొలి చక్రాలన్నీ అక్కడే తప్పాయి.

పోయిన వస్తువు గురించి ప్రశ్న అనుకోండి. లగ్నాధిపతి, అంటే లగ్న రాశికి అధిపతి అయిన గ్రహం, అడిగినవారు; ద్వితీయాధిపతి, అంటే రెండో భావం అధిపతి, వస్తువు. కేంద్రంలో (1, 4, 7, 10 భావాల్లో) స్వక్షేత్రం (సొంత రాశి), ఉచ్చ (గ్రహం బలం హెచ్చే రాశి) వంటి ఏ బలమూ లేని గ్రహం ఉంటే దొంగను ముందు అందులో చూస్తాడు, లేకుంటే సప్తమాధిపతిలో, అంటే ఏడో భావం అధిపతిలో. లెంటు రోజుల (ఈస్టరుకు ముందు క్రైస్తవుల ఉపవాస కాలం) కోసం కొన్న తన చేపలు దొంగలపాలైనప్పుడు కూడా చక్రమే వేసుకున్నాడు.

లగ్నం రాశిలో మొదటి 3 డిగ్రీల్లోనో చివరి 3 డిగ్రీల్లోనో పడితే తొందరపడి తీర్పు చెప్పవద్దంటాడు. అలాంటి చక్రాన్ని నేను పక్కన పెట్టేస్తాను.