తెలుగు సైటు స్క్రీన్ రీడర్‌కు అందట్లేదా? లక్షణాన్ని బట్టి మరమ్మతు

స్క్రీన్ రీడర్ అంటే చూపు లేనివాళ్లకు తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. ముందు మౌసు పక్కన పెట్టండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉండే టాక్‌బ్యాక్ గానీ, విండోస్ కంప్యూటర్‌కు ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ గానీ (రెండూ స్క్రీన్ రీడర్లే) ఆన్ చేసి మీ సైటును మీరే వినండి. కింది వాటిలో రెండు మూడైనా తగులుతాయి.

అంకెలు చదువుతోంది, తెలుగు చదవట్లేదు

నేను చేసిన ఒక కోచింగ్ సెంటర్ సైటు చూసి, చూపు లేని కుర్రాడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, ఫీజుల పేజీలో అంకెలొక్కటే వినపడుతున్నాయి. దేనికెంతో తెలియట్లేదు" అన్నాడు. తప్పు నాదే. ఇంగ్లిష్ టెంప్లేట్ తెచ్చి అందులో తెలుగు నింపాను. హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో భాష మాత్రం ఇంగ్లిష్ అనే ఉండిపోయింది. స్క్రీన్ రీడర్ దాన్నే నమ్మి ఇంగ్లిష్ గొంతు ఎత్తుకుంది. ఆ గొంతుకు తెలుగు లిపి రాదు, అంకెలు వచ్చు.

ఆ ట్యాగ్‌లో భాషను చెప్పే లాంగ్ (lang) విలువలో 'ఈఎన్' (en) తీసి 'టీఈ' (te) పెట్టండి, అంతే. మధ్యలో పూర్తి ఇంగ్లిష్ పేరా ఉంటే దానికి మాత్రం విడిగా 'ఈఎన్' ఇవ్వండి. అప్పటికీ పలకకపోతే వినేవాళ్ల ఫోన్‌లో తెలుగు వాయిస్ డౌన్‌లోడ్ అయిందో లేదో చూడమనండి.

కంటికి తెలుగే, చెవికి మాత్రం గందరగోళం

ఆ పేజీలో ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేయండి. అక్కడ పొంతన లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తే దొంగ దొరికినట్టే. డీటీపీ సెంటర్ నుంచి వచ్చిన మేటర్ అను లాంటి పాత ఫాంట్‌లో ఉంది. లోపల ఉన్నవి వేరే కోడ్లు, పైకి మాత్రం తెలుగు ఆకారాలు. గూగుల్‌లో మీ పేజీ దొరక్కపోవడానికీ కారణం ఇదే కావచ్చు.

కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ తెలుగుగా గుర్తుపట్టే కోడ్‌లోకి మార్చండి. మార్చాక ఒకసారి చదవకుండా అప్‌లోడ్ చేయొద్దు. వత్తులు, పేర్లు తారుమారవుతాయి. ఆ ఫాంట్‌తో చేసిన పీడీఎఫ్‌లకూ ఇదే జబ్బు ఉంటుంది.

నోటిఫికేషన్ దగ్గర "ఇమేజ్" అని ఊరుకుంటోంది

వాట్సాప్‌లో తిరిగిన పోస్టరునే సైటులో పెట్టేశారన్నమాట. ఆల్ట్ టెక్స్ట్‌లో (బొమ్మకు బదులు స్క్రీన్ రీడర్ చదివే వివరణలో) "పోస్టర్" అని రాస్తే పని జరగదు. తేదీ, ఫీజు, చోటు అన్నీ బొమ్మ కింద మామూలు అక్షరాల్లో టైప్ చేయండి. అలంకారానికి పెట్టిన బొమ్మలకు ఆల్ట్ ఖాళీగా ఉంచండి. ఆల్ట్ అసలే లేకపోతే కొన్నిసార్లు ఫైలు పేరంతా చదివి విసిగిస్తుంది.

ట్యాబ్ కీ నొక్కితే ఎక్కడున్నామో తెలియట్లేదు

ట్యాబ్ ఆగిన చోటు చుట్టూ కనిపించే గీతే ఫోకస్ గీత. అందం చెడుతోందని ఎవరో సీఎస్‌ఎస్‌లో దాన్ని తీసేసి ఉంటారు. తిరిగి పెట్టండి, కాస్త మందంగానే. ఏదైనా బటన్ దగ్గర ట్యాబ్ ఆగకపోతే అది డివ్ అనే మామూలు పెట్టె ట్యాగ్‌తో చేసిన బటన్ అయ్యుంటుంది. అసలైన బటన్ ట్యాగ్ వాడండి.

వత్తులు తెగిపోతున్నాయి

ఇంగ్లిష్‌కు 1.2 లైన్-హైట్ (వరుస ఎత్తు) సరిపోతుంది. మనకు పైన గుడులు, కింద వత్తులు. "స్త్రీ", "లక్ష్మి" అని శీర్షికలో పెట్టి చూస్తే అడుగు ఎక్కడ తెగుతోందో తెలుస్తుంది. 1.6 లేదా 1.8కి పెంచండి, పెట్టెలకు ఎత్తు బిగించకండి. ఫోన్‌లో రెండు వేళ్లతో జూమ్ కాకపోతే వ్యూపోర్ట్ ట్యాగ్‌లో జూమ్‌ను ఆపేసిన మాటలు తీసేయండి. అవి ఎందుకు పెడతారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఎండలో అక్షరాలు కనబడట్లేదు

తెలుపు మీద లేత బూడిద. #999999 రంగుకు కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనక రంగుకూ ఉన్న తేడా) 2.85 మాత్రమే; వెబ్‌సైట్లు అందరికీ అందేలా ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీ ప్రమాణం, మామూలు సైజు అక్షరాలకు ఏఏ స్థాయిలో అడిగేది 4.5. కనీసం #767676 అంత ముదురు రంగు వాడండి.

ఫారం నింపలేక వదిలేస్తున్నారు

పెట్టెలోనే లేతగా "పేరు" అని రాసి లేబుల్ మానేస్తే, టైప్ చేయగానే ఆ మాట మాయం. ప్రతి పెట్టెకూ లేబుల్ ట్యాగ్ ఇవ్వండి. తప్పు చేస్తే చుట్టూ ఎర్రగీత గీసి వదిలేయడం ఇంకో దురలవాటు. రంగు తెలియనివాళ్లకు ఆ గీత ఉన్నా లేనట్టే. "పిన్‌కోడ్‌కు 6 అంకెలుండాలి, మీరు 5 ఇచ్చారు" అని పెట్టె కిందే రాసి, ఆ వాక్యాన్ని ఏరియా-డిస్క్రైబ్డ్‌బై (aria-describedby) అనే హెచ్‌టీఎంఎల్ గుణంతో పెట్టెకు ముడిపెట్టండి. కర్సర్ అక్కడికి చేరగానే లేబుల్‌తో పాటు అదీ వినిపిస్తుంది.