మూడంకణాల రెడీమేడ్ ఇల్లు: ముందు బోల్టు, తర్వాతే గోడ

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వెళ్లిన పొద్దున మా పెద్దమ్మ వంటింటి రేకులు పక్కవాళ్ల జీడితోటలో దొరికాయి. కొక్కేలు ఇంకా రేకులకే వేలాడుతున్నాయి. నేను వెల్డింగ్ పని చేసేవాణ్ణి. ఉద్దానంలో తక్కువ ఖర్చులో ఇనుప ఫ్రేము ఇల్లు వేసుకుందామనేవాళ్లకు నా పద్ధతి చెబుతాను.

మన పెద్దలు ఇంటిని అంకణాల్లో, అంటే రెండు దూలాల మధ్య జాగాల్లో, లెక్కపెట్టేవారు కదా, అలాగే వేయండి. ఒక్కో అంకణం పొడవు 8 అడుగులు, వెడల్పు 12. డబ్బు తక్కువైతే ముందు రెండు అంకణాలు, వీలైనప్పుడు మూడోది. మూడూ కలిస్తే 288 చదరపు అడుగులు. గ్రామీణ ఆవాస్ యోజనలో కనీసం ఉండాలనే 25 చదరపు మీటర్ల కంటే కాస్త ఎక్కువే.

రెండంకణాలకు ముగ్గు పోశాక మూల నుంచి మూలకు టేపు పట్టండి. రెండు వైపులా సరిగ్గా 20 అడుగులు రావాలి. అంగుళం తేడా ఉన్నా గుంత తవ్వకండి.

మాది ఇసక నేల. గుంత 3 అడుగులు తీసి, అడుగున వెడల్పుగా కాంక్రీటు పోస్తాను. గాలి స్తంభాన్ని పెకలించకుండా పట్టేది ఆ బరువే. స్తంభాన్ని ఆ కాంక్రీటుకు బిగించే బోల్టులు కంటి అంచనాతో నిలబెట్టొద్దు. నా మొదటి ఇంటికి అలాగే చేస్తే ఒక స్తంభం అరంగుళం పక్కకు పోయింది, బేస్ ప్లేటు (స్తంభం అడుగున ఉండే ఇనుప పలక) రంధ్రం కోసి పెద్దది చేయాల్సి వచ్చింది. ఇప్పుడు ప్లైవుడ్ ముక్కకు ప్లేటులాగే నాలుగు రంధ్రాలు వేసి, బోల్టులు అందులో బిగించి, అప్పుడే కాంక్రీటు పోయిస్తాను. తర్వాత వారం రోజులు తడపాలి.

గాల్వనైజ్డ్ పైపైనా వెల్డింగ్ దగ్గర పూత కాలిపోతుంది. ఉప్పుగాలికి తుప్పు అక్కడే మొదలవుతుంది. వైరు బ్రష్‌తో రుద్ది జింక్ ప్రైమరు వేయండి.

గాలి రేకును పైకి లాగుతుంది. చూరు అంచుల్లో, మూలల్లో ఆ లాగుడు ఎక్కువ. అక్కడ రేకు ప్రతి మిట్టకూ రబ్బరు వాషరుతో స్క్రూ పడాలి. చూరు అడుగుకు మించి బయటికి వదలకండి.

గోడలకు ఫోమ్ పానెళ్లు వేడిని ఆపుతాయి, కానీ మంటకు ఆగవు. కట్టెల పొయ్యి ఉండే అంకణానికి ఫ్లైయాష్ ఇటుకే కట్టించండి. పెద్దమ్మకు అలాగే కట్టాను.

సరుకు ఆర్డరివ్వకముందే 13 అడుగుల వెదురు ఇద్దరు చెరో చివర పట్టుకుని, రోడ్డు నుంచి స్థలం దాకా నడవండి. సందు మలుపులో వెదురు తిరగకపోతే దూలం కూడా తిరగదు. అప్పుడు దూలాన్ని రెండు ముక్కలుగా చేయించి, ఇంటి దగ్గర బోల్టులతో కలపాలి.